సీఎంఈ గంటలు తక్కువపడ్డాయి, సర్టిఫికెట్ కొనమంటున్నారు: ఏం చేయాలి?

డాక్టరు గారూ, మిగతావారికి కూడా తెలిసేలా మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మీరు మండల కేంద్రంలో సొంత క్లినిక్ నడుపుతున్న ఎంబీబీఎస్ వైద్యులు. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఎనిమిది నెలల గడువుంది. ఐదేళ్లలో 30 గంటల నిరంతర వైద్య విద్య, అంటే మనమంతా సీఎంఈ అనేది, పూర్తి కావాలి. మీ దగ్గర 11 గంటలకే సర్టిఫికెట్లు ఉన్నాయి. క్లినిక్ మూస్తే ఆ రోజు రాబడి పోతుంది, దూరం నుంచి వచ్చిన రోగులు తిరిగి వెళ్లాలి. ఇంతలో ఒకరు "మీరు రాకపోయినా పరవాలేదు, రుసుము కడితే సర్టిఫికెట్ పంపిస్తాం" అన్నారు. అసలు ఈ నిబంధన నిజంగా అవసరమా, కాగితం కోసం జరిపే తతంగమా అని మీరు అడిగారు.

అవసరమే. ఆ సర్టిఫికెట్ మాత్రం కొనకండి. మీకు కావలసింది 19 గంటలు. నెలకు ఒక్క ఆదివారం పక్కన పెట్టుకుంటే గడువులోగా తేలికగా పూర్తవుతుంది. ఎలాగో కింద వివరంగా రాస్తాను. ముందు నా సంగతి రెండు మాటల్లో: చిన్న పట్టణంలో 26 ఏళ్లుగా జనరల్ ప్రాక్టీసు చేస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లు మా ఐఎంఏ (భారత వైద్య సంఘం) శాఖ తరఫున సీఎంఈలు ఏర్పాటు చేసే బాధ్యత చూశాను. కుర్చీలో కూర్చుని విన్న అనుభవమూ ఉంది, ఆ కుర్చీలు వేయించిన అనుభవమూ ఉంది.

నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం సందేహాలు తీరుతాయి. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నియమావళిలోనే, ప్రతి వైద్యుడు ఐదేళ్లలో కనీసం 30 గంటలు ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొనాలని, ఆ సంగతి కౌన్సిల్‌కు తెలియజేయాలని ఉంది. మండలి స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నియమావళి ప్రకటించింది. మూడు వారాలకే, ఆగస్టు 23న, దాన్ని నిలిపివేసింది. "ఆ రూలు ఎత్తేశారట కదా" అనే మాట మన వాళ్లలో అప్పటి నుంచే తిరుగుతోంది. ఎత్తేయలేదు. కొత్తది ఆగింది కనుక 2002 నాటిదే అమల్లో ఉంది. ఆగిపోయిన దానిలో కూడా ఐదేళ్లకు 30 అనే అంకె మారలేదు. మన రెండు రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లు ఐదేళ్లకోసారి చేసే రెన్యువల్‌కు దీన్ని ముడిపెట్టాయి. ఏ కార్యక్రమానికి ఎన్ని గంటలు ఇవ్వాలో నిర్ణయించేది కూడా కౌన్సిలే.

30 గంటలంటే ఏడాదికి ఆరు. నా దగ్గరి మిత్రుడొకరు చార్టర్డ్ అకౌంటెంటు. అరవై ఏళ్ల లోపు ఉండి ప్రాక్టీసు చేసేవారికి వాళ్ల సంస్థ పెట్టిన లెక్క మూడేళ్లకు 120 గంటలు. నర్సులకు భారత నర్సింగ్ మండలి చెప్పేది ఐదేళ్లకు 150 గంటలు. కాలిఫోర్నియాలో ప్రాక్టీసు చేసే మన తెలుగు డాక్టర్లు ప్రతి రెండేళ్లకు 50 గంటలు చూపాలి. బ్రిటన్‌లో ఉన్నవారికి 2012 డిసెంబరు నుంచి ఐదేళ్లకోసారి రీవ్యాలిడేషన్, అంటే ప్రాక్టీసుకు తగినవారేనా అని మళ్లీ పరిశీలించడం, ఉంది. అక్కడ గంటలొక్కటే చాలవు, సహోద్యోగులు, రోగులు ఇచ్చే అభిప్రాయాలు కూడా చూస్తారు. వీటి పక్కన పెట్టి చూస్తే మన మీద పడిన భారం చాలా తక్కువ.

ఇక సర్టిఫికెట్ కొనడం గురించి. పట్టుబడితే ఏమవుతుందన్నది ఒక ప్రశ్న. కౌన్సిల్‌కు తప్పుడు పత్రం సమర్పించడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. విచారణ మొదలైతే మీరు పణంగా పెట్టింది ఆ రుసుము కాదు, మీ రిజిస్ట్రేషన్ నంబరు. ఎవరైనా రోగి బంధువులు మీ మీద కేసు వేశారనుకోండి, అవతలి వకీలు మొదట అడిగేది మీ అర్హతలు, రిజిస్ట్రేషన్, రెన్యువల్ గురించే. ఆ రోజు మీరు హాల్లో ఉన్నట్లు సర్టిఫికెట్ చెబుతుంటే, అదే రోజు క్లినిక్‌లో మీరు రాసిన మందుల చీటీలు వేరే మాట చెబుతాయి. ఇది బెదిరించడానికి రాయడం లేదు. క్లినిక్ మూయకుండా సర్టిఫికెట్ తెచ్చుకున్నవారికి ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే.

పట్టుబడకపోతే? నా దృష్టిలో నష్టం అప్పుడే ఎక్కువ. అది ఎందుకో నాకు జరిగిన ఒక సంగతితో చెబుతాను.

2006లో, వేరుశనగ పీకే రోజులు. ఇరవై రెండేళ్ల కుర్రవాడు రాత్రి కాయకు కాపలాగా కళ్లంలో నేల మీద పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెండు వాంతులు. ఆరింటికి నా దగ్గరకు తీసుకొచ్చారు. ఒంటి మీద గాయం లేదు, వాపు లేదు, జ్వరం లేదు. కడుపులో మంట అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి, లోపలి బల్ల మీద పడుకోబెట్టి, మిగతా రోగులను చూసుకుంటున్నాను. ఏడున్నరకు వాళ్లమ్మ వచ్చి, "నొప్పి తగ్గినట్టుంది సారూ, నిద్రపోతున్నాడు" అంది. నాకెందుకో అనుమానం వచ్చి వెళ్లి చూశాను. పిల్లవాడు నిద్రపోవడం లేదు. రెప్పలు ఎత్తలేకపోతున్నాడు. నేను చెప్పేది అంతా వినపడుతోంది, వేలు పట్టుకోమంటే బలహీనంగా పట్టుకుంటున్నాడు, గొంతులో ఉమ్మి మింగలేక గుర్రుగుర్రుమంటోంది. కొని నాలుగేళ్లయినా ఒక్కసారీ వాడని ఆంబు బ్యాగు, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, బీరువాలోంచి తీసి, జీపులో అతని తల నా ఒళ్లో పెట్టుకుని, దారి పొడవునా నొక్కుతూ జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లాను. కొన్ని రోజులు వెంటిలేటరు మీద ఉండి బతికాడు.

అది కట్లపాము కాటు. నేను చదువుకోని విషయమేమీ కాదు. ఎంబీబీఎస్‌లో చదివాను, పరీక్షలో రాశాను కూడా. కానీ పాము కాటు అనగానే నా మనసులో ఉన్న బొమ్మ వాచిన కాలు, కారే రక్తం. అది రక్తపింజరి బొమ్మ. రెండు నెలల తరువాత ఒక సీఎంఈలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రొఫెసరు గారొకరు, నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి రెప్పలు వాలుతుంటే, కాటు గుర్తు కనబడకపోయినా కట్లపామే అనుకోమని చెప్పారు. ఆ హాల్లో నలభై మంది ఉన్నారు. నాకు మాత్రం ఆ కుర్రవాడి తల బరువు ఒళ్లో తెలిసింది. రెండేళ్ల తరువాత ఒక ఆడపిల్లను అదే తీరులో తీసుకొచ్చినప్పుడు పది నిమిషాల్లో గుర్తుపట్టగలిగాను. విషం విరుగుడు మందు అరగంటలో మొదలైంది.

ఆ ప్రొఫెసరు గారు రెండు నెలల ముందు వచ్చి ఉంటే, నేను హాల్లో ఉండి ఉంటే, ఆ కుర్రవాడు నా బల్ల మీద గంటన్నర అలా పడి ఉండేవాడు కాదు. మీరు కొనే సర్టిఫికెట్ మీద రాసి ఉండే గంటల్లో ఏది ఎవరి ప్రాణానికి అక్కరకు వచ్చేదో మీకు ఎప్పటికీ తెలియదు.

"ఇన్నేళ్ల ప్రాక్టీసు కంటే పెద్ద చదువు ఏముంది" అని మన పెద్దల్లో కొందరు అంటారు. ఆ మాటను నేనూ చాలాకాలం నమ్మాను. 2005లో అమెరికాలో 62 అధ్యయనాలను కలిపి ఒక సమీక్ష చేశారు. వాటిలో సగానికి పైగా ఒకే మాట చెప్పాయి: ప్రాక్టీసు చేసిన ఏళ్లు పెరిగేకొద్దీ తాజా ప్రమాణాల ప్రకారం చికిత్స చేయడం తగ్గుతోంది. అనుభవం రోగిని చదవడం నేర్పుతుంది. మారిన మందును, మారిన మోతాదును అది నేర్పదు. నేను ప్రాక్టీసు పెట్టాక మారినవి కొన్ని చెబుతాను. క్షయకు వారానికి మూడు రోజులిచ్చే మందుల పద్ధతి పోయి, 2017 నుంచి రోజూ ఇచ్చే పద్ధతి వచ్చింది. పిల్లల విరేచనాలకు ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు జింక్ ఇవ్వడం వచ్చింది. నొప్పికి, జ్వరానికి వాడే నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లో నిషేధించారు. 2018 సెప్టెంబరులో 328 రకాల మిశ్రమ మందులను ఒక్కసారిగా నిషేధించారు. వాటిలో కొన్ని మనం రోజూ రాసినవే. డెంగీలో రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్ల అంకె చూసి కంగారుపడి ఎక్కించడం తప్పని తెలిసింది. ఇవన్నీ రోగిని చూస్తూ కూర్చుంటే తెలిసేవి కావు. మెడికల్ రిప్రజెంటేటివ్ తెచ్చే రంగుల కాగితంలోనూ ఉండవు.

అయితే మీరు అన్న "తతంగం" మాటను నేను కొట్టిపారేయను. ఉదయం సంతకానికి నూట ఇరవై మంది, భోజనాల తరువాత ముప్పై మంది ఉన్న హాళ్లను నేనే చూశాను. నేనే ఏర్పాటు చేశాను కనుక మరీ బాధగా ఉంటుంది. నిబంధన గంటలను కొలుస్తుంది, నేర్చుకున్నదాన్ని కొలవదు. ఇది దాని అసలు లోపం. ఊరికే ఉపన్యాసం విని వస్తే వైద్యుడి పనితీరు మారదని, చేతులతో చేయించి, చర్చ పెట్టి నేర్పితేనే మారుతుందని 1999 నాటికే పరిశోధనలు తేల్చాయి. అందుకే నేను బాధ్యత తీసుకున్న మూడో ఏటి నుంచి మా శాఖలో పూట పూటంతా ఉపన్యాసాలు మాన్పించాం. ఒక ఆదివారం పాము కాటు పెట్టుకుంటే, ప్రతి బల్ల మీద పొడి గాజు పరీక్షనాళికలు పెట్టాం. అందులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే రక్తపింజరి వంటి పాము విషం ఎక్కినట్లే. ప్లాస్టిక్ గొట్టంలో చేస్తే ఫలితం నమ్మలేం. ఇది చాలామందికి ఆ రోజే తెలిసింది. ఒక మత్తుమందు వైద్యురాలు అందరిచేతా బొమ్మ మీద ఆంబు బ్యాగు నొక్కించారు. మాస్కు సరిగ్గా పట్టుకోలేక గాలి పక్కకు పోవడం చూసి, ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవారు కూడా మళ్లీ మళ్లీ వరుసలో నిలబడ్డారు. ఆ రోజు భోజనాల తరువాత ఒక్కరూ వెళ్లలేదు.

కనుక గంటలు ఎక్కడ దొరుకుతాయని కాకుండా, మీ క్లినిక్‌కు ఏది కావాలని వెతకండి. నేను బల్ల మీద ఒక చిన్న నోటు పుస్తకం ఉంచుకుంటాను. రోగి వెళ్లాక "ఇది నాకు సరిగా తెలియలేదు" అనిపిస్తే ఒక్క వాక్యం రాస్తాను. పేరు రాయను, సమస్య రాస్తాను. ఏడాది చివర చూస్తే ఏ విషయం నాలుగైదు సార్లు వచ్చిందో తెలిసిపోతుంది. ఒక ఏడాది అది థైరాయిడ్, మరో ఏడాది గర్భిణుల్లో రక్తపోటు. మీరు ఉద్దానం వైపు ఉంటే కిడ్నీ జబ్బులు, నొప్పి మాత్రలు మానిపించడం మొదట వస్తాయి. పొలాల మధ్య ఉంటే పాము, తేలు, పురుగుమందు. రోబో శస్త్రచికిత్స గురించి పెద్ద హోటల్లో జరిగే సదస్సుకు వెళ్లినా గంటలు వస్తాయి. మీ మండలానికి పనికొచ్చేది మాత్రం తక్కువ. తప్పక వెళ్లవలసి వస్తే, ప్రశ్నల సమయంలో లేచి, "నా దగ్గర స్కానింగ్ లేదు, ల్యాబులో ఇవి మాత్రమే ఉన్నాయి, ఈ రోగిని ఎప్పుడు పంపాలి, పంపేముందు ఏం ఇవ్వాలి?" అని అడగండి. సిగ్గుపడకండి. హాల్లో సగం మంది ప్రశ్న అదే.

పల్లె డాక్టరు వినడానికే పరిమితమని కూడా అనుకోవద్దు. తేలు కుట్టినప్పుడు గుండె మీద పడే ప్రభావానికి ప్రజోసిన్ అనే రక్తపోటు మందు వాడవచ్చని లోకానికి చూపింది మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. ఆయన రాసిన పత్రాలు ప్రముఖ వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మన సీఎంఈలలో ఈ రోజు తేలు కాటు గురించి ఎవరు మాట్లాడినా ఆయన మాట రాక తప్పదు. మీ దగ్గర ఆసక్తికరమైన కేసు ఉంటే శాఖ కార్యదర్శికి చెప్పండి, పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తారు. మాట్లాడటానికి సిద్ధమైనప్పుడు చదివేంతగా వినేటప్పుడు ఎవరూ చదవరు.

మందుల కంపెనీ పిలిస్తే వెళ్లవచ్చా? ఇది మీరు అడగలేదు, కానీ గంటలు తక్కువపడ్డవారికి ముందుగా వచ్చే ఫోను ఇదే. కంపెనీల నుంచి బహుమతులు, నగదు, ఆతిథ్యం, సదస్సులకు ప్రయాణ ఖర్చులు తీసుకోకూడదని 2009 డిసెంబరులోనే నియమావళిలో చేర్చారు. 2024 మార్చిలో కంపెనీల కోసం వచ్చిన మార్కెటింగ్ నియమావళి కూడా విదేశాల్లో ఇలాంటి కార్యక్రమాలు పెట్టవద్దంది. నా పద్ధతి చెబుతాను: బస్సు చార్జీ నాది, రిజిస్ట్రేషన్ రుసుము నాది. ఉపన్యాసంలో ఒకే మందు పేరు మూడుసార్లు వినిపిస్తే, ఇంటికి వచ్చాక ఆ విషయం వేరే చోట చదివి గానీ నమ్మను. మేం ఏర్పాటు చేసినప్పుడు కంపెనీల స్టాళ్లను బయట వరండాకే పరిమితం చేశాం. డబ్బు తగ్గింది, భోజనంలో రెండు రకాలు తగ్గాయి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఇప్పుడు మీ 19 గంటల సంగతి. రేపు మీకు దగ్గరలోని ఐఎంఏ శాఖ కార్యదర్శికి, పక్క రెండు శాఖలవారికి కూడా ఫోను చేసి రాబోయే కార్యక్రమాల తేదీలు అడగండి. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో విభాగాలు పెట్టే సీఎంఈలు మీలాంటివారికి చాలా బాగుంటాయి. రుసుము తక్కువ, చెప్పేవారు రోజూ మనం పంపే రోగులనే చూసేవారు. రాష్ట్ర స్థాయి సదస్సు ఒకటి రెండు రోజులు జరిగితే దానికి వెళ్లండి. ఆన్‌లైన్ కార్యక్రమాలకు కూడా గంటలు వస్తున్నాయి. వాటికైనా, హాల్లో జరిగేవాటికైనా మీ రాష్ట్ర కౌన్సిల్ ముందుగా అనుమతించి గంటలు కేటాయించిందో లేదో డబ్బు కట్టేముందే అడగండి. ఆహ్వాన పత్రం మీద "గంటల కోసం దరఖాస్తు చేశాం" అని ఉంటే ఇంకా మంజూరు కాలేదని అర్థం. సర్టిఫికెట్‌లో మీ పేరు రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే ఉండాలి, నంబరు తప్పు లేకుండా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో రెన్యువల్ దగ్గర తిరిగినవారిని చూశాను. సాయంత్రం చేతికి ఇచ్చినప్పుడే చదివి, తప్పుంటే అక్కడే మార్పించుకోండి. ఆరు నెలల తరువాత ఆ కార్యదర్శి మారిపోతారు.

క్లినిక్ మూయడం గురించి. మీ పక్క మండలంలో ఇదే అవస్థలో మరో డాక్టరు గారు తప్పకుండా ఉంటారు. ఒక ఆదివారం మీరు వెళ్తే అత్యవసరమైనవారిని ఆయన చూస్తారు, మరో ఆదివారం మీరు చూడండి. వారం ముందే తలుపు మీద బోర్డు పెట్టి, ఆయన క్లినిక్ చిరునామా రాయండి. "చదువుకోవడానికి వెళ్తున్నాను" అనే రాయండి. మొదటిసారి నేను అలా రాయించినప్పుడు నాకే బెరుకుగా ఉంది. మరుసటి సోమవారం ఒక పెద్దాయన వచ్చి, "కొత్త మందులేమైనా చెప్పారా బాబూ, నా మోకాళ్లకు?" అని అడిగాడు. ఆ తరువాత బోర్డు మాట మార్చలేదు.

చివరిగా ఒకటి, ఇది ఈ రాత్రే చేయండి. మీ దగ్గరున్న 11 గంటల సర్టిఫికెట్లు బయటికి తీసి తేదీలు చూడండి. రెన్యువల్‌కు లెక్కకు వచ్చేది ఈ ఐదేళ్లవే. కిందటి రెన్యువల్‌కు ముందువి ఏవైనా వాటిలో కలిసి ఉంటే మీకు కావలసింది 19 కాదు, ఇంకా ఎక్కువ. ఆ సంగతి ఎనిమిది నెలల ముందు తెలిస్తే ఇంకో ఆదివారం వెతుక్కుంటే సరిపోతుంది.